అక్కర్లేదని ఇచ్చేసిన ఎర్రచెవి తాబేలును మళ్లీ నిలబెట్టడం ఎలా

నాలుగు వేళ్ల లోతు పచ్చటి నీళ్లలో, రంగురాళ్ల మీద ఏళ్ల తరబడి బతికిన తాబేలును ఎవరో తెచ్చి "మీరైతే చూసుకుంటారు" అని చేతిలో పెడతారు. చాలామంది వెంటనే చేసే పని దానికి తిండి పెట్టడం. నిజానికి అది చివర్లో చేయాల్సిన పని. తాబేలు ఒంటికి సొంత వేడి ఉండదు. బయటి వేడి తగినంత ఉంటేనే దాని పేగులు కదులుతాయి. చల్లగా ఉన్న ఒంట్లోకి వెళ్లిన తిండి అరక్కుండా లోపలే కుళ్లుతుంది. నీరసించిన తాబేలును ఒక వరుసలో కోలుకోనివ్వాలి: ముందు వేడి, తర్వాత శుభ్రమైన నీళ్లు, ఆ తర్వాత ఎండ, ఆఖరున తిండి. మందులు అవసరమా లేదా అన్నది ఈ నాలుగూ సరిపెట్టి వారం చూశాక తేలుతుంది. శ్వాస ఆడని, రక్తం కారుతున్న తాబేలుకు మాత్రం ఆ వారం ఆగకూడదు.

ముందు అది ఏ తాబేలో చూడండి

హైదరాబాద్, విజయవాడ, విశాఖ అక్వేరియం దుకాణాల్లో రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దగా, ఆకుపచ్చగా అమ్మేది ఎక్కువగా ఎర్రచెవి తాబేలు, అంటే రెడ్ ఇయర్డ్ స్లైడర్. కంటి వెనక ఎర్రటి చార, వేళ్ల మధ్య తోలు, పొట్టవైపు పసుపు మీద నల్ల మచ్చలు దాని గుర్తులు. వయసు మీద పడితే డిప్ప నల్లబడుతుంది, ఆ ఎరుపు కూడా మాసిపోతుంది. దీని సొంత ఊరు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం.

డిప్ప గుమ్మటంలా లేచి, నలుపు మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని, కాళ్లు ఏనుగు పాదాల్లా ఉంటే అది నక్షత్ర తాబేలు. డిప్ప అంచు మెత్తటి తోలులా ఉండి, వెనక కాళ్లు లోపలికి లాక్కోగానే కింద తోలు మూతలు మూసుకుంటే అది మన చెరువుల తాబేలు. ఈ రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉన్నాయి. ఇంట్లో ఉంచుకుంటే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. "వాస్తుకు మంచిదని ఇచ్చారు", "తోటలో దొరికింది" అన్న మాటలు కేసులో పనికిరావు. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లు తిరుగుతున్నాయి కదా, మా ఇంట్లో ఉంటే తప్పేమిటని అడిగేవాళ్లుంటారు. ఇళ్లకు అలాంటి వెసులుబాటు లేదు. మీ చేతికి వచ్చింది ఇలాంటిదైతే ఫొటో తీసి, దగ్గరి అటవీ శాఖ కార్యాలయానికో జూకో ఫోన్ చేసి అప్పగించండి. అప్పటిదాకా గాలి ఆడే పెట్టెలో, నీడలో ఉంచితే చాలు. వైద్యం మొదలుపెట్టొద్దు.

ఆఫ్రికా నుంచి వచ్చిన సల్కాటా లాంటి పెద్ద నేల తాబేళ్లు సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నాయి. వాటికి కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు ఉండాలి, చేతులు మారినప్పుడు ఆ కాగితం కూడా మారాలి. కాగితం లేని సల్కాటా జోలికి పోవద్దు. చట్టాన్ని 2022లో సవరించాక విదేశీ జంతువుల నిబంధనలు మారుతూ వస్తున్నాయి. కాబట్టి ఎర్రచెవి తాబేలును తెచ్చుకునే ముందు కూడా అటవీ శాఖ వాళ్లను ఒక మాట అడగడం మంచిది.

ఇక్కణ్నుంచి చెప్పేదంతా ఎర్రచెవి తాబేలు గురించే.

ఒప్పుకునే ముందు

ఆడది 25 నుంచి 30 సెంటీమీటర్లు, మగది 18 నుంచి 20 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. బాగా చూసుకుంటే 20 నుంచి 40 ఏళ్లు బతుకుతుంది. పదో తరగతి పిల్లాడి ముచ్చట కోసం తీసుకుంటే, వాడు ఉద్యోగానికి వెళ్లి, పెళ్లి చేసుకుని, పిల్లల్ని బడికి పంపే రోజుల్లోనూ అది మీ బాల్కనీలోనే ఉండొచ్చు. ముందు గోళ్లు పొడుగ్గా, తోక లావుగా పొడుగ్గా ఉంటే మగది. గోళ్లు పొట్టిగా, తోక సన్నగా ఉంటే ఆడది. అరచేతికంటే చిన్నదైతే ఇంకా తేల్చి చెప్పలేం.

ఇచ్చేవాళ్లను సిగ్గుపడకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎన్నేళ్లుగా ఉంది? ఏం పెట్టారు? ఎండ తగిలేదా? చివరిసారి ఎప్పుడు తింది? గుడ్లు పెట్టిందా? డిప్పకు రంగు, నూనె, పసుపు లాంటివి పూశారా? పక్కన మరో తాబేలు ఉండి చనిపోయిందా? "మరమరాలు, అన్నం, ఎండు రొయ్యలు" అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. ఆ ఒక్క ముక్కతోనే సగం రోగం తెలిసిపోతుంది. వాళ్లను తిట్టొద్దు. తిడితే మిగతా ప్రశ్నలకు నిజం చెప్పరు.

చేతిలోకి తీసుకుని చూడండి. కళ్లు తెరిచి ఉన్నాయా, ఉబ్బి మూసుకుపోయాయా? ముక్కు దగ్గర బుడగలున్నాయా? పొట్టవైపు డిప్పను బొటనవేలితో మెల్లగా నొక్కితే లోపలికి పోతోందా? చంటి తాబేలుకు కొంచెం మెత్తదనం ఉంటుంది, అరచేతంత తాబేలుకు ఉండకూడదు. డిప్ప వాసన చూడండి. చెరువు వాసన ఫర్వాలేదు, కుళ్లు వాసన రాకూడదు. కాలు పట్టి లాగితే వెనక్కి లాక్కోవాలి. నీళ్లలో వదిలితే ఒక పక్కకు ఒరిగి తేలకూడదు.

తెచ్చేటప్పుడు నీళ్లు నింపిన బకెట్లో తేవద్దు. నీరసించిన తాబేలు కుదుపులకు తిరగబడి మునిగిపోతుంది. మూతకు కన్నాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా, అడుగున తడి తువ్వాలు ఉంటే సరిపోతుంది. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. ఎండలో ఆపిన కారులో పది నిమిషాలు కూడా వదలకూడదు.

మొదటి వారం

ఇంటికి రాగానే రెండు కొలతలు రాసుకోండి. వంటింటిది కాకుండా విడిగా కొన్న డిజిటల్ కాంటా మీద బరువు, డిప్పకు ముందొకటి వెనకొకటి పుస్తకం నిలబెట్టి వాటి మధ్య దూరం. తర్వాత రోజు విడిచి రోజు ఉదయం, తిండికి ముందు, బరువు తూచండి. బక్క తాబేలు కోలుకుంటోందా అన్నది కళ్లతో చూసి చెప్పలేం. కాంటాయే చెప్పాలి.

మొదట పెద్ద టబ్ వద్దు. 40, 50 లీటర్ల ప్లాస్టిక్ టబ్ తీసుకోండి. నీళ్ల మట్టం ఎంత ఉండాలంటే, తాబేలు అడుగున నిలబడి మెడ చాస్తే ముక్కు బయటికి రావాలి. అంతకంటే లోతైతే నీరసించింది పైకి రాలేదు. నీళ్లు 27, 28 డిగ్రీల దగ్గర ఉంచండి. చేత్తో ముట్టి "గోరువెచ్చగానే ఉంది" అనుకోవద్దు. మన చేతికి గోరువెచ్చగా తగిలేవి 35 దాటి ఉంటాయి. థర్మామీటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. ఒక పక్క పూర్తిగా పొడిగా ఉండే గట్టు కావాలి. ఇటుక మీద పెంకు వాలుగా ఆనిస్తే చాలు. థర్మాకోల్ మాత్రం పెట్టొద్దు, కొరికి మింగేస్తుంది.

నీళ్లు లేకుండా ఇంటి నేల మీద తిప్పుతూ పెంచిన తాబేలైతే కళ్లు లోపలికి పోయి, చర్మం ముడతలు పడి ఉంటుంది. దానికి మొదటి రెండు రోజులు తిండి మాటే ఎత్తొద్దు, నీళ్లు పట్టనివ్వండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఎర్రచెవి తాబేలు పొడి నేల మీద తిండి మింగలేదు. తల నీళ్లలో ఉంటేనే మింగుతుంది. నేల మీద పెట్టింది తినకపోతే "దీనికి ఆకలి లేదు" అనుకుని, అలాగే నెలల తరబడి పస్తు పెట్టిన ఇళ్లున్నాయి.

నీళ్లు రోజూ మార్చండి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి బకెట్లో పట్టి మూత లేకుండా 24 గంటలు ఉంచి వాడండి. బోరు నీళ్లయినా ఇబ్బంది లేదు. డిప్ప మీద తెల్లటి ఉప్పు పొర కడుతుంది, అంతే. పాత నాచును మెత్తటి టూత్‌బ్రష్‌తో, ఉత్త నీళ్లతో రుద్దండి. సబ్బు, షాంపూ, కొబ్బరినూనె, పసుపు ఏదీ వద్దు. నూనె రాస్తే డిప్ప మెరుస్తుంది నిజమే, కానీ దాని కింద గాలి ఆడక బూజు పెరుగుతుంది. డిప్ప మీద పెయింట్ ఉన్నా, బిళ్ల అతికించి ఉన్నా థిన్నర్‌తో తీయొద్దు. అది డాక్టర్ పని. డిప్ప పలకలు పలచటి పొరల్లా ఊడుతుంటే వాటంతటవే రాలనివ్వండి. గోటితో పీకితే కింది ఎముక పచ్చిగా బయటపడుతుంది.

మూడో రోజు నుంచి తిండి మొదలుపెట్టొచ్చు, కొద్దికొద్దిగానే. నెలల తరబడి ఎండిపోయిన ఒంటికి ఒక్కసారి కడుపునిండా పెడితే రక్తంలో లవణాలు తారుమారై ప్రాణం మీదికొస్తుంది. మొదటి వారం మామూలుగా పెట్టేదాంట్లో పావు వంతు, రెండో వారం సగం. పెద్ద తాబేలు కొత్తచోట వారం దాకా తినకపోయినా కంగారు లేదు. రెండు వారాలు దాటినా, బరువు పదో వంతు తగ్గినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇంట్లో ఇప్పటికే మరో తాబేలుంటే 90 రోజులు వేరుగా ఉంచండి. టబ్, వల, బ్రష్ కూడా వేరు. ఆ తర్వాతా కలపకపోతేనే మేలు. "ఒంటరిగా ఉంది పాపం" అన్న బాధ మనది. తాబేలు తోడు కోరుకోదు. రెండు మగవాటిని కలిపితే కాళ్లు, తోకలు కొరుక్కుంటాయి. మగ, ఆడ కలిస్తే మగది ఆడదాన్ని ఊపిరి తీసుకోనివ్వదు.

అసలు ఇల్లు

డిప్ప పొడవు ప్రతి సెంటీమీటరుకు 15 లీటర్ల నీళ్లు. లెక్క ఇంతే. 20 సెంటీమీటర్ల తాబేలుకు 300 లీటర్లు. అద్దాల అక్వేరియంలో అంత కావాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇంత నీళ్లు పట్టే నల్ల ప్లాస్టిక్ టబ్బో, అడ్డంగా కోసిన పాత నీళ్ల ట్యాంకో దానికి అద్దాల పెట్టెకంటే నచ్చుతుంది. నాలుగువైపులా కనబడకపోతే దాని బెదురు తగ్గుతుంది. లోతు డిప్ప పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. నీటి మట్టం మీద ఇంకో 25 సెంటీమీటర్ల అంచు ఉండాలి. ఎర్రచెవి తాబేలు ఎంత బాగా ఎక్కుతుందో, అది నేల మీద పడి డిప్ప పగిలాకగానీ చాలామందికి తెలియదు.

300 లీటర్లంటే 300 కిలోలు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెట్టేట్టయితే గోడ పక్కన, దూలం మీదికి వచ్చేలా పెట్టండి. చివరి అంచున వద్దు. కొత్తగా సిమెంట్ తొట్టి కట్టిస్తే సున్నం వదిలేదాకా తాబేలును దించొద్దు. రెండు మూడు వారాలు నీళ్లు నింపి పారబోస్తూ ఉండాలి. నీళ్లలో క్షారం ఎంతుందో చెప్పే పీహెచ్ 8.5 కంటే దిగాకే అది నివాసయోగ్యం.

అడుగున రంగురాళ్లు, గులకరాళ్లు పరచొద్దు. మింగితే పేగుల్లో అడ్డుపడతాయి. వేస్తే తాబేలు తలకంటే పెద్ద రాళ్లే వేయండి. లేకపోతే అడుగు ఖాళీగా వదిలేయండి, కడగడమూ తేలిక.

ఫిల్టర్ కొనేటప్పుడు పెట్టె మీద రాసిన లీటర్లను నమ్మొద్దు. అవి చేపల లెక్క. తాబేలు చేసే మురికి చేప కంటే చాలా ఎక్కువ కాబట్టి, మీ టబ్‌లోని నీళ్లకు రెండు మూడింతల సామర్థ్యం ఉన్నది కొనండి. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద కడగడం అందరూ చేసే తప్పు. మురికిలోని అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనే ఉంటుంది. క్లోరిన్ నీళ్లు తగిలితే అది చస్తుంది, మర్నాటికి టబ్ వాసన కొడుతుంది. టబ్‌లోంచి తీసిన నీళ్లతోనే పిండి పెట్టండి. కరెంటు నాలుగైదు గంటలు పోతే మూత బిగించిన క్యానిస్టర్ ఫిల్టర్‌లోని నీళ్లు చెడిపోతాయి. కరెంటు రాగానే ఆన్ చేయకుండా ఆ నీళ్లు పారబోసి అప్పుడు పెట్టండి. కొత్త ఫిల్టర్ కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈలోపు రెండు రోజులకొకసారి మూడో వంతు నీళ్లు, ఆ తర్వాత వారానికి మూడో వంతు మార్చాలి. తిండి వేరే చిన్న టబ్‌లో పెట్టి, అరగంట తర్వాత వెనక్కి దించితే ఈ చాకిరీ సగం తగ్గుతుంది. పైపుతో నీళ్లు లాగేటప్పుడు నోటితో పీల్చొద్దు. ఎందుకో కింద ఉంది.

వేడి, చలి, మే నెల

పెద్ద తాబేలుకు నీళ్లు 24 నుంచి 27 డిగ్రీలు, పిల్లలకు 26 నుంచి 28. ఎండ కాచుకునే గట్టు మీద 32 నుంచి 35. ఈ రెంటికీ తేడా ఉండటం ముఖ్యం. నీళ్లూ గట్టూ ఒకే వేడిలో ఉంటే తాబేలు పైకెక్కదు. ఎక్కకపోతే డిప్ప ఆరదు, ఆరకపోతే కుళ్లుతుంది.

కోస్తాలో ఏడాదిలో ఎక్కువ కాలం హీటర్ అక్కర్లేదు. హైదరాబాద్, ఆదిలాబాద్ వైపు డిసెంబర్, జనవరి రాత్రుల్లో టబ్ నీళ్లు 20 కంటే దిగుతాయి. తాబేలు తినడం మానేస్తే "నిద్రకు వెళ్లింది" అనుకుని వదిలేస్తారు. శీతాకాల నిద్ర ఆరోగ్యంగా, కొవ్వు పట్టి ఉన్న తాబేలుకు సాధ్యపడేది. బక్కదానికి అది చావుకు దారి. లీటరుకు ఒక వాట్ చొప్పున హీటర్ పెట్టండి. దానికి ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, లేకపోతే ఆనుకుని కాల్చుకుంటుంది, లేదా గాజు పగలగొడుతుంది. ఆ ప్లగ్గుకు ఈఎల్‌సీబీ, అంటే షాక్ కొట్టేలోపు కరెంటు ఆపేసే స్విచ్, తప్పనిసరి. నీళ్లలో చెయ్యి పెట్టేముందు స్విచ్ ఆపండి. హీటర్ థర్మోస్టాట్ ఇరుక్కుపోయి నీళ్లు మరిగిపోవడం అరుదేం కాదు. అందుకే రోజూ థర్మామీటర్ చూడాలి.

మన దగ్గర చలి కంటే ఎండాకాలమే ఎక్కువ తాబేళ్లను చంపుతుంది. పడమటి బాల్కనీలో నల్లటి టబ్ మే నెల మధ్యాహ్నానికి ఉడుకుపొయ్యి. నీళ్లు 32 దాటితే జాగ్రత్త పడాలి. సగం టబ్ మీద షేడ్‌నెట్, లోతు పెంచడం, సీసాలో గడ్డకట్టించిన నీళ్లను తేల్చడం పనికొస్తాయి. ఐసు ముక్కలు ఒక్కసారి గుమ్మరించొద్దు.

ఎండ: దీనికి బదులు ఇంకేదీ లేదు

ఎండలోని యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలు చర్మానికి తగిలితేనే తాబేలు ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది. అది లేకపోతే ఎంత కాల్షియం పెట్టినా ఎముకకు చేరదు. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. అద్దం వెనక వెచ్చగా ఉన్నా అది ఎండ కింద లెక్క కాదు. పైగా అద్దాల టబ్‌ను నేరుగా ఎండలో పెడితే పావుగంటలో తాబేలు ఉడికిపోతుంది.

రోజూ ఉదయం 8 నుంచి 10 మధ్య అరగంట నుంచి గంట, ఆరుబయట, సగం నీడ ఉన్న టబ్‌లో పెట్టండి. ఎప్పుడు నీడలోకి పోవాలో దానికి తెలుసు, నీడ ఉంచడం మన బాధ్యత. పైన వల ఉండాలి. కాకులు, గద్దలు, పిల్లులు, వీధికుక్కలు దాన్ని రాయనుకుని వదిలేయవు.

ఎండ తగలని ఫ్లాట్ అయితే టీ5 యూవీబీ ట్యూబ్ కావాలి, 5 లేదా 6 శాతం రకం. గట్టుకు 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో, మధ్యలో అద్దంగానీ ప్లాస్టిక్‌గానీ లేకుండా, రోజుకు 10 నుంచి 12 గంటలు. వెలుగుతూనే ఉన్నా 12 నెలలకు మార్చాలి. కంటికి కనిపించే వెలుతురు తగ్గకపోయినా యూవీబీ తగ్గిపోతుంది. చవగ్గా దొరికే నీలం రంగు "తాబేలు బల్బులు" చాలావరకు ఉత్త రంగు బల్బులే. పెట్టె మీద యూవీబీ శాతం రాసి లేకపోతే కొనొద్దు.

తిండి

పిల్ల తాబేలుకు రోజూ, పెద్దదానికి రోజు విడిచి రోజు. ఒక పూటకు గుళికలు (దుకాణంలో దొరికే తాబేలు మేత) ఎన్ని అంటే, దాని తల ఖాళీ డబ్బా అనుకుంటే అందులో పట్టేన్ని. మూరెడు నోరు తెరిచి అడుక్కుంటుంది, కరిగిపోవద్దు. ఎర్రచెవి తాబేలు ఎప్పుడూ అడుక్కుంటూనే ఉంటుంది. మోతాదు దాటితే కాళ్ల సందుల్లో కొవ్వు పొంగి, డిప్పలోకి తల దాచుకోలేని స్థితికి వస్తుంది.

వయసు పెరిగేకొద్దీ ఆకుకూర వాటా పెరగాలి. పెద్దదానికి సగానికి పైగా ఆకులే. మన ఇంట్లో దొరికేవాటిలో మందార ఆకులు, పూలు మేలు. మునగాకు, మెంతికూర, ముల్లంగి ఆకు, తురిమిన క్యారెట్, గుమ్మడి కూడా మంచివే. పాలకూర, గోంగూర, చుక్కకూర, గంగవాయిలి కూరల్లోని ఆగ్జాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఎప్పుడో ఒకసారి రెండు ఆకులు తింటే ఏమీ కాదు, అదే రోజువారీ తిండి కాకూడదు. చెరువుల్లోంచి గుర్రపుడెక్క తెచ్చి వేసేవాళ్లుంటారు. మురుగు కలిసే చెరువుదైతే వద్దు, ఆ మొక్క విషలోహాలను పీల్చుకుని దాచుకుంటుంది.

వానపాములు, ముళ్లతో సహా చిన్న చేప వారానికోసారి చాలు. కాల్షియం కోసం సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) ముక్క నీళ్లలో తేలేయండి. మూలికల దుకాణంలో దొరుకుతుంది. గట్టి పొర గీకేసి వేయాలి. లేదా ఉడికించిన గుడ్డు పెంకు మెత్తగా దంచి గుళికలకు అద్దండి. అన్నం, చపాతీ, బ్రెడ్, బిస్కట్, మరమరాలు, పాలు పూర్తిగా బంద్.

ఎండు రొయ్యలకు మరిగిన తాబేలు గుళికలను వాసన కూడా చూడదు. రొయ్యల్ని పొడి చేసి, తడిపిన గుళికలకు పట్టించండి. ఆ పొడిని రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా తగ్గించండి. మధ్యలో రెండు మూడు పూటలు అలిగి పస్తుంటుంది. ఒంట్లో సత్తువ వచ్చాక, బరువు నిలకడ పడ్డాకే ఈ పంతం పట్టండి.

నిర్లక్ష్యం తెచ్చే జబ్బులు

కళ్లు ఉబ్బి మూసుకుపోవడం ఎక్కువగా విటమిన్ ఏ కొరత వల్ల, కొన్నిసార్లు మురికి నీటి అమ్మోనియా వల్ల. చూడలేదు కాబట్టి తినదు, తినదు కాబట్టి కొరత పెరుగుతుంది. ఇంట్లో ఉన్న కంటి మలాం పూయొద్దు. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది. విటమిన్ ఏ ఇంజెక్షన్ మోతాదు మించితే చర్మం పొరలుగా ఊడిపోతుంది. అది డాక్టర్ నిర్ణయించాల్సింది.

మెత్తబడిన డిప్ప కాల్షియం, ఎండ లేకపోవడం వల్ల వస్తుంది. రెండూ సరిచేస్తే నెలల మీద గట్టిపడుతుంది. వంకరపోయిన ఆకారం మాత్రం తిరిగి రాదు, దానితోనే హాయిగా బతుకుతుంది.

డిప్ప మీద తెల్లటి లేదా గులాబీ మచ్చలు, గుంటలు, కుళ్లు వాసన ఉంటే డిప్ప కుళ్లు. పైపైనే ఉంటే పొవిడోన్ అయోడిన్‌ను పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి మెత్తగా రుద్ది, పది నిమిషాలాగి కడిగి, ఆరబెట్టి, కాలిన గాయాలకు వాడే 1 శాతం సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీమ్ పలచగా రాయండి. రోజులో ఎక్కువసేపు వెచ్చటి పొడి టబ్‌లో, తిండికీ నీళ్లకూ రెండు మూడు గంటలు నీళ్లలో ఉంచండి. రెండు వారాల్లో తగ్గకపోయినా, గుచ్చితే మెత్తగా దిగినా, ఎర్రటి నీరు కారినా ఇంట్లో ఆగొద్దు.

ముక్కులో బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, ఒక పక్కకు ఒరిగి ఈదడం న్యుమోనియా గుర్తులు. నీళ్ల వేడి 28, 29కి పెంచి, నీటి మట్టం తగ్గించి, అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. ఎక్స్‌రే, ఇంజెక్షన్లు అవసరం పడతాయి.

కుక్కలు, పిల్లులనే ఎక్కువగా చూసే డాక్టర్ దగ్గరికి వెళ్తే ఒక మాట ముందే చెప్పండి: నులిపురుగులకు ఐవర్‌మెక్టిన్ వద్దు. కుక్కలకూ పశువులకూ రోజూ వాడే ఆ మందు తాబేళ్లను చంపుతుంది. ముందు పేడ పరీక్ష చేయించి, దాన్నిబట్టి మందు అడగండి. సరీసృపాలు తెలిసిన డాక్టర్ దొరక్కపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో వాకబు చేయండి.

పెద్ద ఆడది ఉన్నట్టుండి తిండి మానేసి, టబ్ అంచులు గీరుతూ, బయటపడాలని కొట్టుకుంటుంటే గుడ్లు మోస్తోందేమో చూడాలి. మగది లేకపోయినా గుడ్లు వస్తాయి. 25 సెంటీమీటర్ల లోతున తడి ఇసుక, మట్టి కలిపిన తొట్టిలో ఎవరూ కనబడకుండా వదిలేయండి. చోటు లేక గుడ్లు లోపలే ఆపుకుంటే ప్రాణాపాయం. రెండు మూడు రోజుల్లో పెట్టకపోతే ఎక్స్‌రే తీయించాలి.

మన ఆరోగ్యం సంగతి

పూర్తి ఆరోగ్యంగా ఉన్న తాబేలు పేడలోనూ విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. దీనివల్లే అమెరికాలో 1975 నుంచి 4 అంగుళాలకంటే చిన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు, పిల్లలు వాటిని నోట్లో పెట్టుకునేవారు కాబట్టి. ముట్టిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. టబ్, ఫిల్టర్ వంటింటి సింకులో కడగొద్దు. ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, బాగా పెద్దవాళ్లున్న ఇంట్లో తాబేలు పని ఇంకొకరే చూసుకోవాలి. ముద్దులు అసలే వద్దు.

చేతకాకపోతే

హుస్సేన్‌సాగర్‌లోనో, ఊరి చెరువులోనో, గుడి కోనేట్లోనో వదలడం పుణ్యం కాదు. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఎర్రచెవి తాబేలు ఉంది. ఐరోపా యూనియన్ 1997లోనే దిగుమతి ఆపేసింది. కేరళలో కాలువల్లో కనబడటంతో అక్కడి అటవీ పరిశోధన సంస్థ వీటిని అప్పగించమని జనాన్ని కోరింది. మన చెరువు తాబేళ్ల తిండినీ, ఎండ కాచుకునే రాళ్లనూ ఇది లాక్కుంటుంది, రోగాలూ అంటిస్తుంది. ఏళ్లు టబ్‌లో గడిపి, మరమరాలు తిన్న బక్కదైతే అది కూడా చేయలేక అక్కడే చస్తుంది.

ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తే తాబేలును ఒక్కదాన్నే ఇవ్వొద్దు. టబ్, ఫిల్టర్, హీటర్, ట్యూబ్ లైటు అది వేసిన నెలతో సహా, బరువులు రాసిన నోటుబుక్కు, ఏ గుళికలు తింటుందో ఆ పొట్లం అన్నీ కలిపి ఇవ్వండి. తీసుకునేవాళ్ల ఇంట్లో 300 లీటర్లు పట్టే చోటు ఎక్కడుందో చూపించమని అడిగాకే ఇవ్వండి.